గాలి ఎటుంటే అటు: బాస్‌వుడ్ సరస్సు మీద జూన్ రోజులు

శుక్రవారం: ఈలీ దాకా

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపోలిస్ నుంచి ఈలీ ఊరికి దాదాపు 240 మైళ్లు. 35వ నంబర్ ఇంటర్‌స్టేట్ మీద ఉత్తరంగా వెళ్లి, క్లోకే దగ్గర 33, ఆ తర్వాత 53వ నంబర్ రోడ్లు పట్టుకుని, వర్జీనియా అనే గనుల ఊరు దాటాక 169 మీదికి మళ్లాలి. సగం దారి పొలాలు, మిగతా సగం అడవి, మధ్యలో ఇనుప గనుల ఎర్రమట్టి గుట్టలు. ఈ దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు వర్జీనియాకు కాస్త ఉత్తరాన ఉన్న లారెన్షియన్ డివైడ్. చూడ్డానికి మామూలు రాతి గుట్టే. కానీ దానికి దక్షిణాన పడ్డ వాన సుపీరియర్ సరస్సులోకి, అక్కణ్ణుంచి అట్లాంటిక్‌లోకి పోతుంది. ఉత్తరాన పడ్డది హడ్సన్ బేకి పోతుంది. మేం గాలాలతో చేపలు పట్టడానికి వెళ్తున్న బాస్‌వుడ్ సరస్సు నీళ్లదీ ఆ దారే: క్రుకెడ్ లేక్, రెయినీ లేక్, లేక్ ఆఫ్ ది వుడ్స్, విన్నిపెగ్ సరస్సు, నెల్సన్ నది, చివరికి చల్లటి సముద్రం. గోదావరి, కృష్ణ తూర్పుకు పోయి బంగాళాఖాతంలో కలవడం చూస్తూ పెరిగినవాళ్లకు ఇది మొదట నమ్మబుద్ధి కాదు.

మేం నలుగురం. నేను, భీమవరం బావ, నల్గొండ తమ్ముడు, మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. బావ, తమ్ముడు చుట్టాలేం కాదు. ఆఫీసులో పరిచయమయ్యాక అలా పిలుచుకోవడం అలవాటైంది. పెద్దాయన స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. కుర్రతనం నుంచి ఈ సరస్సుల్లో తెడ్డు వేసిన మనిషి. గాలానికి ముడి వెయ్యడం దగ్గర్నుంచి మాకు అన్నీ ఆయనే నేర్పారు కాబట్టి ముగ్గురం గురువుగారూ అనే పిలుస్తాం. ఆయనకు తెలుగు రాదు గానీ ఆ ఒక్క పిలుపుకు మాత్రం వెంటనే తిరిగి చూస్తారు.

మేం దిగబోయే అడవి పేరు బౌండరీ వాటర్స్. మిన్నెసోటాకు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని, పది లక్షల ఎకరాలకు పైన ఉంటుంది. వెయ్యికి పైగా సరస్సులు. 1978లో అమెరికా కాంగ్రెస్ దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే ముందే రిజర్వ్ చేసుకున్న పర్మిట్ కావాలి. ఒక గుంపులో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. పర్మిట్ల బుకింగ్ జనవరి చివర్లో తెరుచుకుంటుంది. వెళ్లాలనుకునేవాళ్లు ఆ రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి, మంచి దారులకు పోటీ బాగా ఉంటుంది.

ఈలీలో పర్మిట్ చేతికిచ్చే ముందు అడవి నియమాలు ఓపిగ్గా చెబుతారు. గాజు సీసాలు, రేకు డబ్బాలు లోపలికి తీసుకెళ్లకూడదు. అందుకే బావ ఆవకాయను, వాళ్లమ్మగారు పంపిన కందిపొడిని ఇంటి దగ్గరే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చుకొచ్చాడు. ఎలుగుబంట్లకు అందకుండా తిండి మొత్తం అవి తెరవలేని పీపాలో పెట్టాలి, లేదా చెట్టుకు ఎత్తుగా వేలాడదీయాలి. మేం అలాంటి పీపా, రెండు కెవ్లార్ కనూలు, అంటే తేలికైన గట్టి నారతో చేసిన సన్నటి తెడ్ల పడవలు, అద్దెకు తీసుకున్నాం. కెవ్లార్ కనూ బరువు 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక మనిషి భుజాల మీద ఎత్తుకుని నడవొచ్చు.

రాత్రి మోటెల్ గదిలో గురువుగారు చిన్న వాతావరణ రేడియో పెట్టారు. శనివారం దక్షిణపు గాలి, వేడి. ఆదివారం మధ్యాహ్నానికి ఉరుములు. సోమవారం వాయవ్యం నుంచి గట్టి గాలి, బాగా చలి. ఆ తర్వాత మెల్లగా తేరుకుంటుంది. తమ్ముడి ముఖంలో టెన్షన్ కనిపించింది. గురువుగారు మాత్రం మ్యాప్ పరిచి పెన్సిల్‌తో రోజుకొక బాణం గీశారు. బాణాలు మేం వెళ్లే దారి కాదు, గాలి వచ్చే దిక్కు. "చేప ఎక్కడుందని నన్నడగొద్దు. నిన్నటి నుంచి గాలి ఎటుందో చూసుకోండి, మిగతాది అదే చెబుతుంది" అన్నారు. ఆ నాలుగు బాణాలే మా ప్లాన్.

శనివారం: మోతలు, గూళ్లు

పొద్దున ఐదుంపావుకల్లా సూర్యుడు వచ్చేశాడు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దుగుంకదు. ఫాల్ లేక్ రేవులో పడవలు దించి, సరస్సు దాటి, న్యూటన్ జలపాతం పక్కనుంచి మొదటి మోత. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను, సామాన్లను నెత్తిన పెట్టుకుని నడిచే బాటను ఇక్కడ పోర్టేజ్ అంటారు. దాని పొడవును రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దాదాపు ఒక కనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. న్యూటన్ దగ్గరి బాట 80 రాడ్లు, ఆ తర్వాత పైప్‌స్టోన్ జలపాతం దగ్గరిది 90. రెండూ వెడల్పుగా, చదునుగా ఉంటాయి. ఈ బాటల మీద చక్రాల బండి కూడా వాడనిస్తారు. మేం మాత్రం మోసుకునే వెళ్లాం. దోమలు ఆ బాటల మీద ఎంత ఉన్నాయో నీళ్ల మీద అంత లేవు.

రెండో మోత దిగితే పైప్‌స్టోన్ బే. బాస్‌వుడ్ సరస్సుకు దక్షిణపు చెయ్యి లాంటి పొడవాటి పాయ ఇది. 25 హార్స్‌పవర్ దాకా మోటార్లకు ఇక్కడ అనుమతి ఉంది కాబట్టి అప్పుడప్పుడూ దూరంగా ఒక పడవ చప్పుడు వినిపిస్తుంది. పడమటి ఒడ్డున గ్రానైట్ బండ మీద, నిప్పు పెట్టుకునే ఇనుప జాలీ ఉన్న ఒక క్యాంప్ చోటు ఖాళీగా దొరికింది. గుడారాలు వేసే ముందు గురువుగారు ప్రతి చెట్టునూ తల పైకెత్తి చూశారు. ఎండిన కొమ్మ వేలాడుతున్న చెట్టు కింద మంచి చదును నేల ఉన్నా ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం చేపల కోసం బయల్దేరాం. ఇక్కడ మా చేప స్మాల్‌మౌత్ బాస్. కంచు రంగు ఒళ్లు, పక్కలకు నిలువు చారలు, ఎర్రటి కన్ను. రాళ్లున్న చల్లటి శుభ్రమైన నీళ్లు దీనికి ఇష్టం, రాళ్ల సందుల్లో తిరిగే, రొయ్య లాంటి క్రేఫిష్ దీని ప్రధాన ఆహారం. గాలానికి చిక్కగానే లోతుకు లాగి, మరుక్షణం నీళ్లలోంచి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. మూడు పౌన్ల చేప చేసే ఆ పోరాటం పట్టినవాడికి రోజంతా చేతుల్లో ఉండిపోతుంది. నిజానికి ఇది ఈ సరిహద్దు సరస్సుల సొంత చేప కాదు. గత శతాబ్దంలో తెచ్చి వదిలితే ఈ రాళ్లు, ఈ నీళ్లు తనవే అన్నట్టు స్థిరపడింది. వాల్‌ఐ, నార్తర్న్ పైక్, లేక్ ట్రౌట్ ముందు నుంచీ ఉన్నవి. మిన్నెసోటా రికార్డు పైక్, 45 పౌన్ల 12 ఔన్సులది, 1929లో ఈ బాస్‌వుడ్‌లోనే దొరికింది.

నీళ్ల ఉష్ణోగ్రత 62 డిగ్రీల ఫారెన్‌హీట్. అంటే బాస్ గుడ్లు పెట్టే కాలం చివరికొచ్చింది. నీళ్లు 60 డిగ్రీలు దాటే రోజుల్లో మగ చేప ఒడ్డుకు దగ్గరగా, గులకరాళ్ల నేలను తోకతో ఊడ్చి గుండ్రటి పళ్లెంలా గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది అక్కడే ఉండి తోకతో నీళ్లు ఆడిస్తూ, దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. గుడ్లు పొదిగి, పిల్లలు పైకి ఈదడం మొదలుపెట్టాక కూడా వాటిని వదలదు. గాలి తగలని ఒక చిన్న వంపులో పోలరాయిడ్ కళ్లద్దాలతో చూస్తే మూడడుగుల నీళ్లలో ఆ తెల్లటి వలయాలు వరసగా కనిపించాయి. ఒక వలయం మీద సన్నటి నల్లటి పొగలా పిల్లలు, పక్కన కదలకుండా కాపలా చేప.

తమ్ముడు తెడ్డు ఆపేశాడు. "మా ఊరి చెర్వుల కొర్రమీను గిట్లనే చేస్తదన్నా. పిల్లలు ఎర్రగ గుంపు కట్టి మీదికొస్తయి. కింద పెద్ద చేప ఉన్నట్టే లెక్క. గుంపు మీద కప్పను ఎగరేసి పట్టేటోళ్లు మావోళ్లు" అన్నాడు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే. చెరువు కట్టల మీద పెరిగినవాళ్లందరూ ఆ ఎర్రటి పిల్లల గుంపును చూసే ఉంటారు. "మరి ఆ పెద్ద చేపను పట్టేస్తే పిల్లలు?" అని బావ అడిగాడు. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "పట్టినంక గుంపు చెదిరిపోయేది. వేరే చేపలొచ్చి తినేటివి" అన్నాడు.

ఇక్కడా అంతే. కాపలా చేప ముందు ఏ ఎర వేసినా కరుస్తుంది, ఆకలితో కాదు, కోపంతో. దాన్ని పైకి తీసి ఫోటో దిగి వదిలే ఆ కాస్త సమయంలోనే పెర్చ్, రాక్ బాస్, బ్లూగిల్ గూడు మీద పడి గుడ్లను, పిల్లలను తినేస్తాయి. పట్టి వదిలేస్తున్నాం కదా అని చాలామంది అనుకుంటారు. గూటి మీద ఉన్న చేపకు ఆ మాట వర్తించదు. అది సులువుగా దొరుకుతుంది కాబట్టే దాన్ని వదిలేయాలని నేను గట్టిగా నమ్ముతాను. మేం ఆ వంపులోంచి బయటికొచ్చి, దక్షిణపు గాలి కొడుతున్న రాతి కొనల వైపు వెళ్లాం.

గాలి కొట్టే ఒడ్డున అలలు వెలుతురును విరగ్గొడతాయి. నీళ్లలో తేలే సన్నటి జీవులు అటు కొట్టుకుపోతాయి, వాటి వెంట చిన్న చేపలు, వాటి వెంట బాస్. గుడ్లు పెట్టేసిన ఆడ చేపలు, ఇంకా గూడు కట్టని చేపలు అక్కడ తిరుగుతున్నాయి. గిర్రున తిరిగే రేకు బిళ్ల ఉన్న స్పిన్నర్‌బైట్ అనే తెల్లటి ఎరను బండల పక్కగా వేగంగా లాగితే సాయంత్రం దాకా అడపాదడపా తగులుతూనే ఉన్నాయి. అన్నీ 14, 15 అంగుళాలవి. ఇంత చల్లటి నీళ్లలో ఆ మాత్రం పెరగడానికి వాటికి చాలా ఏళ్లు పడుతుంది.

ఆదివారం: ఉరుములకు ముందు

తెల్లవారేసరికి మబ్బు దిగింది. గాలి నైరుతి నుంచి వెచ్చగా, తేమగా వస్తోంది. ఒంటికి చొక్కా అంటుకునే ఉక్క. గురువుగారి చేతి గడియారంలో బారోమీటర్ ఉంది. రాత్రి నుంచి పడుతూనే ఉందని చూపించారు.

పీడనం పడితే చేపలు బాగా తింటాయని గాలం పట్టే ప్రతివాడూ అంటాడు. గురువుగారు మాత్రం ఆ మాటను సగమే ఒప్పుకుంటారు. కాఫీ తాగుతూ లెక్క చెప్పారు. పాదరసం ఒక అంగుళం పడిపోవడమంటే పెద్ద తుఫాను. పాదరసం నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువు కాబట్టి ఆ తేడా పదమూడున్నర అంగుళాల నీళ్లతో సమానం. చేప ఒక అడుగు కిందికో పైకో కదిలితే చాలు, అంత తేడా వచ్చేస్తుంది. అలాంటిది రోజంతా పైకీ కిందికీ తిరిగే చేపను బారోమీటర్ ఏం చేస్తుంది? ఆయన దృష్టిలో అసలు సంగతి వెలుతురు, అలలు, వేడి. తుఫాను ముందు ఈ మూడూ ఒకేసారి చేపకు అనుకూలంగా మారతాయి. మబ్బు వల్ల వెలుతురు తగ్గుతుంది, గాలి వల్ల నీటి పైపొర చెదురుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి. వేటాడే చేప లోతు వదిలి పైకి వచ్చేస్తుంది. నాకు ఈ వివరణే నచ్చింది. మిగతా రోజుల్లో జరిగిందంతా దీనికి సరిపోయింది కూడా.

బావ పాపర్ కట్టాడు. నీటి మీద తేలుతూ, లాగినప్పుడు ముందున్న గుంట నోటితో 'బ్లూప్' అని చప్పుడు చేసే ఎర ఇది. విసిరాక అది లేపిన వలయాలు పూర్తిగా ఆగేదాకా కదపకూడదు. ఆ ఆగడమే కష్టం. వలయాలు ఆగాక ఒక్క చిన్న కుదుపు. మళ్లీ ఆగడం. చేప నీళ్లు చిమ్ముతూ వచ్చి పట్టినప్పుడు వెంటనే లాగకుండా, దారంలో బరువు తెలిసేదాకా ఓపిక పట్టాలి.

తొమ్మిదిన్నర వేళకు మేం రెండు చిన్న దీవుల మధ్య ఉన్నాం. అక్కడ నీటి అడుగున ఒక రాతి తిన్నె ఉంది. ఆరడుగుల లోతు నుంచి ఒక్కసారిగా ఇరవై అడుగులకు దిగిపోతుంది. ఆ అంచు మీద గంటసేపు మేం చూసిన వేట మాటల్లో పెట్టడం కష్టం. చిన్న చేపలు నీటి పైకి చిమ్ముకుంటూ పారిపోతున్నాయి. వాటి వెనక బాస్‌లు ముగ్గురు నలుగురు దొంగల్లా కలిసి తరుముతున్నాయి. ఒకటి గాలానికి చిక్కితే దాని నోట్లోని ఎరను లాక్కోడానికి ఇంకో రెండు పడవ దాకా వెంటపడ్డాయి. నేను పట్టుకున్న చేప కింద అంత పెద్దదే ఇంకోటి తిరగడం స్పష్టంగా కనిపించింది.

బావకు తగిలినది మాత్రం వేరే రకం. చప్పుడు లేదు. పాపర్ ఉన్న చోట నీరు మెల్లగా లోపలికి గుంజుకుంది, అంతే. గాలం రాడ్ మొదలుదాకా వంగింది. పడవను పక్కకు తిప్పేసింది. మూడుసార్లు గాల్లోకి లేచింది, మూడోసారి పడవకు తెడ్డంత దూరంలో. నేను చెయ్యి తడుపుకుని కింది పెదవి పట్టుకుని నీళ్లలోనే ఉంచి కొలిచాను. 19 అంగుళాలు. పక్కల చారలు దాదాపు నల్లగా ఉన్నాయి, ముక్కు మీద పాత గాట్లు. దీని వయసు పదేళ్లకు పైమాటే అన్నారు గురువుగారు. గాలం ముల్లును ముందే నొక్కి చదును చేసి ఉంచాం కాబట్టి వేలితో తోస్తే వచ్చేసింది. బావ దాన్ని నీళ్లలో రెండు చేతుల మధ్య నిలబెట్టి పట్టుకున్నాడు. కాసేపటికి అదే తోక విదిలించి పోయింది. "వెళ్లండి సార్, వెళ్లండి" అన్నాడు దానికి, మనస్ఫూర్తిగా. భీమవరంలో చెరువుల లెక్కన చేపల్ని పెంచే ఇంట్లో పుట్టినవాడు, ఒక చేపకు అండీ పెట్టి మాట్లాడ్డం నేను అప్పుడే విన్నాను.

పదకొండున్నరకు పడమట మొదటి ఉరుము. చేపలు ఇంకా దూకుతూనే ఉన్నాయి. గురువుగారు రీల్ చుట్టేసి "పదండి" అన్నారు. ఒక్కరం కూడా మారు మాట్లాడలేదు. నీళ్ల మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది పడవలో కూర్చున్న మనిషే, చేతిలో పొడవాటి కార్బన్ రాడ్ ఒకటి. గట్టిగా తెడ్లు వేసి క్యాంపుకు చేరి, పడవలు పైకి లాగి బోర్లించి, చెట్లకు తాళ్లతో కట్టేశాం.

గాలి ముందు ఒక్కసారిగా ఆగిపోయింది. తర్వాత వాయవ్యం నుంచి గోడలా వచ్చింది. ఎదుటి ఒడ్డు కనబడకుండా పోయింది. పెద్ద చెట్లకు దూరంగా, పొట్టి చెట్ల మధ్య పల్లంలో, లైఫ్‌జాకెట్లు కింద వేసుకుని వాటి మీద గొంతుక్కూర్చున్నాం, ఒకరికొకరం కాస్త ఎడంగా. ఒక మెరుపు తర్వాత ఏదో పైన్ చెట్టు విరిగిన చప్పుడు బే అవతలి నుంచి వచ్చింది.

గురువుగారు చెట్ల కొమ్మల విషయంలో అంత పట్టుదలగా ఎందుకుంటారో ఆ సాయంత్రం చెప్పారు. 1999 జులై 4న ఈ అడవి మీదుగా ఒక పెనుగాలి పోయింది. వాతావరణ శాస్త్రంలో దాన్ని డెరేచో అంటారు. ఉరుముల వరుస ముందు నేరుగా దూసుకుపోయే గాలి. గంటకు 80 నుంచి 100 మైళ్ల వేగం. లక్షల ఎకరాల్లో చెట్లు పడిపోయాయి, గుడారాల్లో ఉన్నవాళ్లు చాలామంది గాయపడ్డారు. ఆ తర్వాతి వేసవి ఆయన వచ్చి చూస్తే తెలిసిన బాటలు బాటలుగా లేవట. ఇప్పుడు ఆ చోట్ల కొత్త అడవి మన ఎత్తు దాటి పెరిగింది. కానీ ఆయన ఇప్పటికీ ముందు తలెత్తి చూసి తర్వాతే నేల చూస్తారు.

సోమవారం: నీలి ఆకాశం, మూసుకున్న నోళ్లు

లేచేసరికి 44 డిగ్రీల ఫారెన్‌హీట్. నిన్న మధ్యాహ్నం 80కి దగ్గరగా ఉంది. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు, కళ్లు చెదిరే నీలం. బే నడుమ అలల తలలు తెల్లగా విరుగుతున్నాయి. కనూలకు అది నీళ్లు కాదు. పొద్దున మొత్తం ఒడ్డునే ఉన్నాం. ఇలాంటి రోజు ఏదో ఒకటి చెయ్యాలని పడవ ఎక్కేవాళ్లే ఎక్కువగా ప్రమాదాల్లో పడతారని గురువుగారు అన్నారు. అన్నం, కందిపొడి, నెయ్యి, వేడి వేడి చారు. తమ్ముడు నిద్రపోయాడు. రాతి అంచున గులకలో ఒక తాబేలు వెనక కాళ్లతో గుంట తవ్వి గుడ్లు పెట్టడం నేనూ బావా దూరం నుంచి గంట సేపు చూశాం.

మూడింటికి గాలి కాస్త తగ్గింది. పడమటి ఒడ్డు నీడన, ఎత్తు బండల కింద గాలి తగలని నీళ్లలోనే తిరిగాం. నిన్నటి రాతి తిన్నె మీద ఏమీ లేదు. పాపర్‌కు, స్పిన్నర్‌బైట్‌కు ఒక్కటీ రాలేదు. పైనున్న నీళ్లు రాత్రికి రాత్రే నాలుగైదు డిగ్రీలు చల్లబడ్డాయి. పైగా ఈ ఎండ బాణంలా కిందికి దిగుతోంది. చేపలు ఎక్కడికీ పోలేదు, అదే తిన్నె అంచున పదిహేనడుగుల కిందికి దిగి రాళ్లకు ఒంటిని ఆనించుకుని ఉన్నాయి.

దీనికి వాడే ఎర నెడ్ రిగ్. వేలెడంత రబ్బరు పురుగు, దాని తల దగ్గర పుట్టగొడుగు ఆకారంలో చిన్న గుండు. అడుగు తగలనిచ్చి, అసలు కదపకుండా ఉంచి, ఊపిరి తీసుకున్నంత మెల్లగా ఒక జానెడు జరపాలి. కాటు అంటే గుంజుడు ఉండదు, దారం కొంచెం బరువెక్కుతుంది. తమ్ముడికి ఇది బాగా అబ్బింది. చిన్నప్పుడు బెండు మునగడం కోసం గంటలు గంటలు చెరువు కట్ట మీద కూర్చున్న ఓపిక అది. సాయంత్రానికి మా అందరికన్నా అతనికే ఎక్కువ దొరికాయి. మొత్తం కలిపినా నిన్నటి ఒక్క గంటకు సరిపోవు. కానీ వాటిలో ప్రతి ఒక్కటీ అది ఎక్కడుందో ఆలోచించి పట్టుకున్నది. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన చేపలు సోమవారం నాటివే.

చీకటి పడబోతుండగా అలలు కొట్టే కొన దగ్గర రెండు వాల్‌ఐలు దొరికాయి. మిన్నెసోటా రాష్ట్ర చేప ఇది. మసక వెలుతురులో బాగా చూడగల కళ్లు దానివి, అందుకే అలలున్న నీళ్లు, సంధ్య వేళ దానికి అనుకూలం. బాస్‌లను వదిలేస్తాం గాని వాల్‌ఐ దగ్గర మాకు అలాంటి పట్టింపు లేదు. బావ పసుపు, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, నిమ్మకాయ పట్టించి ఇనుప పెనం మీద వేయించాడు. తెల్లటి మెత్తటి మాంసం, ముళ్లు చాలా తక్కువ. గురువుగారు ఆవకాయ కలుపుకుని మరీ తిన్నారు.

మంగళవారం: తేరుకోవడం

గాలి పూర్తిగా పడిపోయింది. చలి ఇంకా ఉంది గాని ఎండలో వెచ్చదనం తెలుస్తోంది. ఇలాంటి రోజు ముందు వేడెక్కేది ఉత్తరపు ఒడ్డున ఉన్న లోతు తక్కువ వంపులు. ఎండ వాటి మీద నేరుగా పడుతుంది, ఉత్తరపు గాలి తగలదు. మధ్యాహ్నం దాకా మేం చేపలు పట్టలేదని చెప్పాలి. థర్మామీటర్ తాడుకు కట్టి వంపు వంపుకూ నీళ్ల వేడి చూసుకుంటూ తిరిగాం. ఒక చోట 57, పక్క వంపులో 61. ఆ నాలుగు డిగ్రీల తేడా ఉన్న వంపు నోటి దగ్గరే, పడిపోయిన సెడార్ చెట్టు పక్కన, చేపలు మళ్లీ పైకి వచ్చి ఉన్నాయి.

శనివారం చూసిన గూళ్ల వంపుకు కూడా వెళ్లి చూశాం, గాలాలు పడవలో పెట్టేసి. తుఫాను అలలకు చివరి గూళ్లు రెండు మట్టి కప్పుకున్నాయి. వాటి మీద ఎవరూ లేరు. పిల్లలున్న గూటి చేప మాత్రం అక్కడే ఉంది. పిల్లల గుంపు ఇప్పుడు కాస్త వెడల్పుగా పరుచుకుంది. తమ్ముడు చాలాసేపు కదల్లేదు. ఈసారి ఊరికెళ్లినప్పుడు చెరువు కాడి పిల్లలకు ఈ సంగతి చెబుతానన్నాడు.

సాయంత్రం నీరు అద్దంలా నిలిచాక మళ్లీ పాపర్లు. చిన్నవే దొరికాయి. లూన్ పక్షులు బే రెండు చివర్ల నుంచి ఒకదానికొకటి పిలుచుకుంటున్నాయి. పది గంటల దాకా పడమట వెలుతురు పోలేదు.

బుధవారం: వెనక్కి

పెద్ద నీళ్లు దాటాలంటే పొద్దున్నే దాటాలి. ఐదింటికే గుడారాలు విప్పి, నిప్పు మీద నీళ్లు పోసి, బూడిద చేత్తో తాకి చల్లబడిందని చూసుకుని బయల్దేరాం. మళ్లీ 90 రాడ్లు, 80 రాడ్లు. తిండి అయిపోయింది కాబట్టి పీపా తేలిక.

ఫాల్ లేక్ రేవులో పడవల్ని బోర్లించి చుక్క నీరు లేకుండా వంచేసి, అంటుకున్న నాచును చేత్తో తీసి, దారాలు, తాళ్లు కూడా తుడిచాం. ఒక సరస్సులోని కలుపు మొక్కలు, పురుగులు ఇంకో సరస్సుకు చేరకుండా మిన్నెసోటాలో ఇది తప్పనిసరి నియమం. స్మాల్‌మౌత్‌ను ఒకప్పుడు మనుషులే తెచ్చి వదిలారు. ఆ చేపంటే నాకెంత ఇష్టమున్నా, అలా వచ్చిన ప్రతిదీ ఈ నీళ్లకు మేలు చేస్తుందని అనుకోవడానికి లేదు. అందుకే ఈ తుడవడం దగ్గర గురువుగారు అస్సలు తొందర పడనివ్వరు.

దిగబోతున్న ఒక కుటుంబం, ఇద్దరు చిన్నపిల్లలతో, చేపలెలా ఉన్నాయని అడిగింది. గురువుగారు వాళ్ల మ్యాప్ తీసుకుని వెచ్చటి వంపులు చూపించారు, గూళ్లున్న చోటు చుట్టూ గీత గీసి ఇక్కడ గాలం వెయ్యకండి, పిల్లలకు ఊరికే చూపించండి అని చెప్పారు. రేపు దక్షిణపు గాలి తిరుగుతుంది, అప్పుడు రాతి కొనల దగ్గరికి వెళ్లండన్నారు.

ఈలీలో టిఫిన్ తింటున్నప్పుడు తమ్ముడు సెప్టెంబర్ ఎత్తాడు. అప్పటికి ఈ చేపలన్నీ ఇరవై ముప్పై అడుగుల లోతులో గుంపులు కడతాయట. పెద్దవి ఒకే చోట దొరకొచ్చు, కానీ బరువు గుండ్లు కావాలి. ఆ రోజుల్లో మిన్నెసోటాలో చాలా చోట్ల స్మాల్‌మౌత్‌ను పట్టినా వెంటనే వదిలెయ్యాలి. మాకు దానితో తేడా ఏమీ లేదు, వాల్‌ఐ ఉంటుంది కదా అన్నాడు బావ. ఫోన్‌లో చూస్తే మూడో వారానికి ఫాల్ లేక్ పర్మిట్లు ఇంకా ఉన్నాయి. నలుగురి పేర్లతో తీసేసుకున్నాం.